ఫారిన్ అడ్రస్ దగ్గర ఏం రాయాలి

2025 ఫిబ్రవరిలో మా అమ్మాయికి 21 నిండాయి. ఇంట్లోనే చేశాం, మా ఆవిడ గారెలూ పులిహోరా చేసింది, అమ్మాయి ఫ్రెండ్సు ఓ పదిమంది, మావాళ్ళు ఓ నాలుగు ఫ్యామిలీలు వచ్చారు. అందరూ పాట పాడుతుంటే నేను లోపల రోజులు లెక్కపెట్టుకుంటున్నా, ఇంకా తొమ్మిది రోజులుంది, ఇంకా తొమ్మిది రోజులుంది అని. ఆ తొమ్మిది రోజుల్లో ఏమీ జరగదని నాకు తెలుసు, గ్రీన్ కార్డ్ క్యూలో ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ అలా గెంతదు, అయినా లెక్కపెట్టా.

ఈ తొమ్మిది రోజులేంటో మనవాళ్ళలో చాలామందికి తెలుసు, తెలీనివాళ్ళ కోసం మొదట్నించీ చెప్తా.

మేం 2010 సెప్టెంబర్లో అమెరికా వచ్చాం, నేను ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసా మీద, మా ఆవిడా అమ్మాయీ కుటుంబానికిచ్చే హెచ్-4 మీద. పిల్లకి అప్పుడు ఆరేళ్ళు. వీసాకి ముందు చిలుకూరు వెళ్ళి 11 ప్రదక్షిణలు చేశాం, బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఇంటర్వ్యూ అయ్యి పాస్‌పోర్ట్ చేతికొచ్చాక మళ్ళీ వెళ్ళి 108. మా పిల్ల కూడా సగం పైన నాతో పాటు నడిచింది, వీసా అంటే ఏంటో తెలిసి కాదు, అయిపోయాక కొబ్బరి ముక్క పెడతారని. ఇది ఎందుకు చెప్తున్నానంటే మా ఇంట్లో అమెరికా రావాలని నిర్ణయం తీసుకున్నది ఎవరు అంటే ఇద్దరం, నేనూ మా ఆవిడా. మూడో మనిషి కొబ్బరి ముక్క కోసం నడిచింది, అంతే.

గ్రీన్ కార్డ్ మొదలుపెట్టడానికి కంపెనీ ఏడాది ఏడాదీ వాయిదా వేసింది, నేనూ గట్టిగా అడగలేదు, అదో తప్పు. ఆరేళ్ళ గడువులో నాలుగున్నరేళ్ళు పోయాక 2015 మార్చిలో మొదటి మెట్టయిన లేబర్ ఫైల్ చేశారు, ఆ రోజే నా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నా చోటు. 2016లో రెండో మెట్టు, కంపెనీ నా కోసం పెట్టే ఐ-140 పిటిషన్, వేసేటప్పుడు లాయర్ అడిగాడు, మామూలుగా వెయ్యాలా ప్రీమియం ప్రాసెసింగా అని. మనకి తొందరెక్కువ కదా, ప్రీమియం అన్నా. తొమ్మిది రోజుల్లో అప్రూవ్ అయ్యింది, ఆ రోజు ఆఫీసులో స్వీట్లు పంచా.

ఇప్పుడు చట్టం వినండి. పిల్లలకి 21 నిండితే తల్లిదండ్రుల గ్రీన్ కార్డ్ కేసులోంచి తప్పించేస్తారు. 2002లో చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ అని ఒకటి చేశారు, తల్లిదండ్రుల కాగితాలు గవర్నమెంట్ దగ్గర పడున్నంత కాలం పిల్లల వయసులోంచి తగ్గించాలని, మంచి ఉద్దేశమే. కానీ తగ్గించేది ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్ని మాత్రమే. అది అప్రూవ్ అయ్యాక డేట్ వచ్చేదాకా క్యూలో నిలబడే పదీ పదిహేనూ ఇరవై ఏళ్ళు లెక్కలోకి రావు. నాది తొమ్మిది రోజుల్లో అయ్యింది కాబట్టి మా అమ్మాయి వయసులోంచి తొమ్మిది రోజులు తీసేస్తారు. నాతో పాటే వేసిన ఇంకో ఆయన డబ్బులు దండగని మామూలుగా వేశాడు, తొమ్మిది నెలలు పట్టింది, వాళ్ళబ్బాయికి తొమ్మిది నెలలు కలిసొచ్చాయి. ఎక్స్‌ట్రా డబ్బు కట్టి నా కూతురికి ఎనిమిదిన్నర నెలలు పైగా పోగొట్టినవాణ్ణి నేను. మా ఆవిడ ఈ మాట ఇప్పటిదాకా ఎప్పుడూ అనలేదు, అదే ఇంకా కష్టంగా ఉంటుంది.

క్యూ ఎందుకంత పొడుగు అంటే 1990లో చేసిన లెక్క. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు మామూలుగా ఏడాదికి 1,40,000, అందులో భార్యాపిల్లల్ని కూడా కలిపే లెక్కేస్తారు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు, మిగతా దేశాలు వాడుకోకపోతే తప్ప. ఇండియా నుంచి క్యూలో ఉన్నవాళ్ళు కుటుంబాలతో కలిపి 10 లక్షల పైచిలుకు. 2022లో ఒకసారి, కోవిడ్ టైంలో ఫ్యామిలీ కోటాలో మిగిలిపోయిన వీసాలు ఇటు రావడంతో నేనున్న ఈబీ-2 కేటగిరీలో ఇండియా డేట్ 2014 డిసెంబర్ 1 దాకా పరిగెత్తింది. నాది 2015 మార్చి. ఇంకో మూడున్నర నెలలు కదిలితే చాలు. అమ్మాయికి అప్పుడు 18, మెడికల్ ఎగ్జామ్ అపాయింట్‌మెంట్ ఎక్కడ దొరుకుతుందో కూడా చూసి పెట్టుకున్నా. అక్టోబర్ బులెటిన్లో డేట్ 2012 ఏప్రిల్‌కి వెనక్కి పోయింది. అమ్మాయి పుట్టినరోజు నాటికి కూడా అది 2012 దాటలేదు.

ఇదంతా మా గోల. ఇప్పుడు అసలు విషయానికొస్తా.

మావాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది, ఇక్కడే డాలస్ చుట్టుపక్కల ఉండే ఓ 80 మంది. డాకా అంటే చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చినవాళ్ళని పంపించెయ్యకుండా పని చేసుకోనిచ్చే ప్రోగ్రామ్, దాని గురించి ఏ వార్త వచ్చినా అందులో ఒకటే మాట, "గోడ దూకి వచ్చినవాళ్ళకి వర్క్ పర్మిట్లు, లైన్లో నిలబడ్డ మన పిల్లలకి గుండుసున్నా." ఈ మాట నేనూ అన్నా, ఒకసారి కాదు చాలాసార్లు అన్నా, దానికి వచ్చిన లైకులు చూసి సంతోషపడ్డా కూడా. ఇప్పుడు ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ పోస్టు. సగం నిజమే ఉంది అందులో, ఆ సగం నిజమే మనల్ని ఇన్నాళ్ళూ తప్పుదారి పట్టించింది.

మా అమ్మాయికి హైస్కూల్ నుంచీ ఒక క్లోజ్ ఫ్రెండ్ ఉంది, మెక్సికో అమ్మాయి, పేరు రాయను. 2006లో రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మానాన్నా తీసుకొచ్చేశారు, కాగితాల్లేకుండా. వాళ్ళన్నయ్యకి అప్పుడు పదేళ్ళు. 2012 జూన్ 15న ఒబామా గవర్నమెంట్ డాకా ప్రకటించినప్పుడు ఆ అన్నయ్యకి రూల్స్ అన్నీ సరిపోయాయి: 16 నిండకముందు వచ్చి ఉండాలి, 2007 జూన్ 15 నుంచీ ఇక్కడే ఉండాలి, అప్పటికి 31 లోపు ఉండాలి, చదువుతూనో చదివేసో ఉండాలి, పెద్ద కేసులేవీ ఉండకూడదు. 2013లో వర్క్ పర్మిట్ వచ్చింది, రెండేళ్ళకోసారి రెన్యూ చేసుకుంటూ నర్సింగ్ చదివి ఇప్పుడు హాస్పిటల్లో పని చేస్తున్నాడు. చెల్లెలికి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో చూడండి. డాకాకి మామూలుగా 15 ఏళ్ళు నిండాకే అప్లై చెయ్యాలి. ఈ పిల్లకి 2019లో 15 నిండాయి, అప్పటికి 2017 సెప్టెంబర్లో ట్రంప్ గవర్నమెంట్ ప్రోగ్రామ్ ఆపేసి ఉంది, కోర్టులు రెన్యువల్స్ మాత్రం బతికించాయి, కొత్తవి లేవు. 2020 జూన్‌లో సుప్రీం కోర్టు 5-4తో ఆ ఆపిన పద్ధతి చెల్లదంది, డిసెంబర్ నుంచి కొత్త అప్లికేషన్లు తీసుకోవడం మొదలైంది, వీళ్ళు పరిగెత్తి 495 డాలర్లు కట్టి అప్లై చేశారు, 2021 జూలై 16న మా టెక్సస్ ఫెడరల్ జడ్జి కొత్తవి అప్రూవ్ చెయ్యొద్దని తీర్పిచ్చాడు. అంతే, ఆ ఫైలు అలాగే ఉండిపోయింది. ఒకే ఇల్లు, ఒకే రోజు ఒకే దారిన వచ్చిన ఇద్దరు పిల్లలు, ఒకడు నర్సు, ఒకతి ఏమీ కాదు.

2022 వేసవి, హైస్కూల్ అయిపోయింది, ఇద్దరికీ 18. మా ఇంటి దగ్గర స్ట్రిప్ మాల్‌లో స్మూతీలు అమ్మే షాపు ఉంది, అద్దం మీద మనుషులు కావలెను అని బోర్డు. వీళ్ళ క్లాస్‌మేట్లు నలుగురు అక్కడే చేరారు. నేను వీళ్ళిద్దర్నీ తీసుకెళ్తే లోపల కౌంటర్ వెనకున్న పిల్ల, "మీరు కూడా రండి, ఫామ్ నింపితే చాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్ తెచ్చుకోండి" అంది. మా అమ్మాయి నా వైపు చూసింది, వాళ్ళ ఫ్రెండు మెనూ బోర్డు వైపు చూసింది. ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారు, సమ్మర్‌లో ఊరెళ్తున్నాం అని. కార్లో ఎక్కాక కూడా ఎవరూ ఏం మాట్లాడలేదు, మ్యాంగో స్మూతీ స్ట్రా చప్పుడు తప్ప.

అప్పటిదాకా నా బుర్రలో మా పిల్ల ఒక గట్టు మీద, ఆ పిల్ల ఇంకో గట్టు మీద. కాగితం ఉన్నది మనది, లేనిది వాళ్ళది. ఆ రోజు నాకర్థమైంది ఏంటంటే స్మూతీ షాపు కౌంటర్ దగ్గర ఆ తేడా కనపడదు. హెచ్-4 పిల్లలకి పని చేసే హక్కు లేదు, 2015లో ఇచ్చిన హెచ్-4 ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, భార్యాభర్తలకే, అదీ ఐ-140 అయ్యి ఉంటేనో ఆరేళ్ళు దాటిన ఎక్స్‌టెన్షన్ ఉంటేనో, పిల్లలకి కాదు. ఫాఫ్సా అనే ఫామ్ నింపి కాలేజీ ఖర్చుకి ఫెడరల్ సాయం అడగడానికి ఇద్దరికీ కుదర్లేదు. తేడా ఎక్కడుందంటే, మా పిల్ల రాత్రి పోలీసు లైటు వెనకాల కనపడితే భయపడక్కర్లేదు, ఆ పిల్ల భయపడాలి. అది చిన్న తేడా అని నేననను, చాలా పెద్ద తేడా. కానీ మన గ్రూప్‌లో వాడే మాట, "వాళ్ళకి అన్నీ ఇస్తున్నారు" అన్నది, అది మాత్రం పచ్చి అబద్ధం. డాకా వచ్చినవాడికి కూడా స్టేటస్ ఏమీ రాదు, గ్రీన్ కార్డ్‌కి దారి లేదు, ముందు పర్మిషన్ తీసుకోకుండా దేశం దాటితే డాకా పోయి బయటే ఉండిపోవాలి. రెండేళ్ళపాటు పంపించెయ్యం, పని చేసుకో, అంతే. ఆ అన్నయ్య పరిస్థితి చూడండి, 2025 జనవరిలో ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఏమందంటే పంపించకుండా ఆపడం వరకూ ఓకే, వర్క్ పర్మిట్ ఇవ్వడం మాత్రం చట్టానికి వ్యతిరేకం, ఈ తీర్పు టెక్సస్ వరకే అని. పన్నెండేళ్ళు పని చేసినవాడు ఇప్పుడు ఓక్లహోమాలో ఇల్లు చూసుకోవాలా అని ఆలోచిస్తున్నాడు.

మన మాటలో సగం నిజం ఉందన్నా కదా, అది ఇది. డాకా రూల్స్‌లో ఒకటి, 2012 జూన్ 15 నాటికి లీగల్ స్టేటస్ ఉండకూడదు. మా అమ్మాయి 2010లో వచ్చింది కాబట్టి దానికి ఎలాగూ వర్తించదు, కానీ 2005లో హెచ్-4 మీద వచ్చిన పిల్లలు, తల్లిదండ్రులు ఒక్క రోజు కూడా స్టేటస్ తప్పకుండా చూసుకున్నవాళ్ళు, ఆ ఒక్క కారణంతో డాకాకి పనికిరాకుండా పోయారు. చట్టం పాటించినందుకు శిక్ష అని మనవాళ్ళు అంటారు, నిజమే. కానీ ఆ రూలు పెట్టింది మెక్సికో పిల్లలు కాదే. గవర్నమెంట్ మీద రావాల్సిన కోపం పక్కింటి పిల్ల మీద తీర్చుకుంటున్నాం, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు.

గ్రూప్‌లో ఒకాయన, నాకు బాగా కావాల్సినవాడే, వాదించాడు, "అన్నా, అలా ఇస్తూ పోతే రేపు ఇంకా జనం పిల్లల్ని ఎత్తుకుని వస్తారు కదా" అని. డాకా 2007 జూన్ తర్వాత వచ్చినవాళ్ళకి లేదు బాబూ. ఇవాళ ఎవరైనా పిల్లల్ని ఎత్తుకుని వస్తే వాళ్ళకి ఇందులో దొరికేది ఏమీ లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులకీ డాకాలో ఏమీ లేదు. ఇంకొకాయన, "లైన్లో నిలబడమనండి" అన్నాడు. ఏ లైన్లో? రెండేళ్ళప్పుడు తెచ్చిన పిల్ల నిలబడ్డానికి ఈ దేశంలో లైనే లేదు. మన పిల్లలకి లైన్ ఉంది, కాకపోతే అది వాళ్ళకి 21 వచ్చేలోపు కదలదు. లేని లైనూ కదలని లైనూ, ఈ రెంటిలో ఏది గొప్పదని మనం కొట్టుకు చస్తున్నట్టు?

నా వాదన ఒక్కటే. పిల్ల ఎలా వచ్చింది అన్నది పిల్లని అడగాల్సిన ప్రశ్న కాదు. ఎన్నేళ్ళప్పుడు వచ్చింది, ఎన్నేళ్ళు ఇక్కడ పెరిగింది, ఆ రెండే అడగాలి. అలా అడిగితే మా అమ్మాయీ వాళ్ళ ఫ్రెండూ ఒకే కేసు. ఇదేదో నేను కనిపెట్టింది కాదు, 1982లోనే ఇదే టెక్సస్‌లో టైలర్ అనే ఊరి స్కూల్ కేసులో సుప్రీం కోర్టు దాదాపు ఇదే చెప్పింది, తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించకూడదు, కాగితాల్లేని పిల్లల్ని కూడా స్కూల్లో ఉచితంగా చేర్చుకోవాల్సిందే అని, 5-4తో. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో క్లాసు దాకా ఈ దేశం వాళ్ళని తన పిల్లల్లాగే చదివిస్తుంది, రోజూ పొద్దున్నే జెండాకి దణ్ణం పెట్టిస్తుంది, పన్నెండు అయిపోయాక నువ్వెవరు అంటుంది. చదివించిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరు.

వీళ్ళిద్దర్నీ ఒకే కాగితం మీద పెట్టిన బిల్లు ఒకటి వచ్చింది కూడా. చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చిన పిల్లలకి దారి చూపించే డ్రీమ్ యాక్ట్ మొదట 2001లో పెట్టారు, 2010లో హౌస్‌లో పాసై సెనేట్‌లో 55-41 దగ్గర ఆగిపోయింది, 60 కావాలి. అప్పట్లో దాంట్లో మన పిల్లల ఊసే లేదు. మన పిల్లల్లోనే కొందరు పెద్దయ్యి, డాక్యుమెంటెడ్ డ్రీమర్స్ అని పేరు పెట్టుకుని, సెనేటర్ల ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పుకున్నారు, మేము రెండు లక్షలకి పైగా ఉన్నాం, మమ్మల్ని మర్చిపోయారు అని. వాళ్ళు చెప్పాకే 2021 మార్చిలో హౌస్ 228-197తో పాస్ చేసిన డ్రీమ్ అండ్ ప్రామిస్ యాక్ట్‌లో హెచ్-1బీ వాళ్ళ పిల్లల్ని కూడా కలిపారు. గోడ దూకినవాళ్ళూ లైన్లో నిలబడ్డవాళ్ళూ అని తేడా లేకుండా, పిల్లలంతా ఒక్కటే. సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. అదే ఏడాది డెబొరా రాస్ అనే డెమోక్రాట్ ఇంకొందరితో, అందులో రిపబ్లికన్లూ ఉన్నారు, కలిసి అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ పెట్టింది, ఇది మన పిల్లల కోసమే, కాగితం వేసిన రోజు వయసునే లెక్కలోకి తీసుకోవాలని, ఇక్కడే పెరిగి డిగ్రీ చేసినవాళ్ళకి గ్రీన్ కార్డ్‌కి దారి ఇవ్వాలని. అదీ అక్కడే ఉంది. మన గ్రూప్‌లో ఈ రెండో బిల్లు లింకు యాభైసార్లు ఫార్వర్డ్ అయ్యింది, మొదటిది ఒక్కసారి కూడా కాలేదు. నేనూ చెయ్యలేదు. ఓట్లు చాలక ఆగిపోయేవాళ్ళు ఇద్దరూ విడివిడిగా ఆగిపోతే ఎవరికి లాభమో ఇప్పుడు ఆలోచిస్తున్నా.

చిన్నచిన్న ఊరటలు చట్టం లేకుండా ఇస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2023 ఫిబ్రవరిలో ఇమిగ్రేషన్ కాగితాలు చూసే యూఎస్‌సీఐఎస్, పిల్లల వయసు లెక్కకి వీసా బులెటిన్లో ఉన్న రెండు చార్టుల్లో వంతు ముందే వచ్చే ఫైలింగ్ డేట్ల చార్ట్ వాడతామంది, కొందరి పిల్లలు గట్టెక్కారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్ళీ పాత చార్టే అన్నారు. డాకా కథా అదే కదా, మెమోతో ఇచ్చింది ఇంకో మెమోతో పోతుంది, మధ్యలో జడ్జీలు. 2024 డిసెంబర్లో ట్రంప్ టీవీ ఇంటర్వ్యూలో డ్రీమర్ల, అంటే చిన్నప్పుడు వచ్చి ఇక్కడే పెరిగినవాళ్ళ, విషయంలో డెమోక్రాట్లతో కలిసి ఏదైనా చేస్తా అన్నాడు, ఇద్దరు పిల్లలూ ఆ వీడియో నాకు చెరొకసారి పంపించారు, నేను ఇద్దరికీ బొటనవేలు బొమ్మ పెట్టా, ఇంకేం పెట్టను.

మా అమ్మాయి సంగతి చెప్పి ఆపేస్తా. 21 వస్తే హెచ్-4 పోతుంది కాబట్టి 2024లోనే ఎఫ్-1కి మార్చుకున్నాం. ఎఫ్-1 అంటే చదువుకుని తిరిగి మా దేశం వెళ్ళిపోతా అని చెప్పే వీసా. మనసులో ఏముందో అని కాదు, నిరూపించాలి. లాయర్ లిస్టు పంపాడు, ఇండియాలో ఆస్తులు, బంధువులు, తిరిగి వెళ్ళే కారణాలు. ఆరేళ్ళప్పటి నుంచీ డాలస్‌లో పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు, అమ్మమ్మ ఊరు మొత్తం నాలుగుసార్లు చూసింది, అది విదేశీ స్టూడెంట్. తమాషా ఏంటంటే ఎఫ్-1 అయ్యాక క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చెయ్యొచ్చు, లైబ్రరీలో చేరింది, 21 ఏళ్ళకి మొదటిసారి సోషల్ సెక్యూరిటీ నంబర్ వచ్చింది. గ్రీన్ కార్డ్ లైన్లోంచి తోసేశాక ఉద్యోగం దొరికింది దానికి. మొదటి జీతంతో నాకు షర్టు కొంది, వాళ్ళ ఫ్రెండ్‌కి స్మూతీ కొనిచ్చింది, అదే షాపులో. చదువయ్యాక ఏడాది ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పని చేసే పర్మిషన్, సైన్సూ ఇంజినీరింగూ లాంటి స్టెమ్ డిగ్రీ కాబట్టి ఇంకో రెండేళ్ళు, ఆ లోపు హెచ్-1బీ లాటరీ, 85,000 వీసాలు, తగిలితే నేను 2010లో నిలబడ్డ చోటే అది నిలబడుతుంది, మళ్ళీ అదే క్యూ, చిట్టచివర్న. ఈ మధ్యలో టెక్సస్ 2001లో దేశంలోనే మొదటిగా ఇచ్చిన ఇన్‌స్టేట్ ఫీజు, అంటే రాష్ట్రంలో ఉండేవాళ్ళకిచ్చే తక్కువ కాలేజీ ఫీజు, చట్టాన్ని కాగితాల్లేని పిల్లలకి వర్తించకుండా 2025 జూన్‌లో ఒక్క పూటలో కొట్టేశారు, పొద్దున కేసు, సాయంత్రానికి రాజీ. ఆ పిల్ల కమ్యూనిటీ కాలేజీ ఆపేసింది. మా అమ్మాయి ఆ రోజు రాత్రి భోజనం చెయ్యలేదు.

ఎఫ్-1కి వేసేటప్పుడు కాలేజీ ఇచ్చే ఐ-20 అనే కాగితం కోసం యూనివర్సిటీ ఫామ్‌లో ఒక గడి ఉంది, పర్మనెంట్ ఫారిన్ అడ్రస్. అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, ఇక్కడ ఏం రాయాలి?" అంది. దాని పాస్‌పోర్ట్ చివరి పేజీలో ఉన్న ఇల్లు మేం ఎప్పుడో అమ్మేశాం. నరసరావుపేటలో వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేసింది, స్పీకర్లో పెట్టి. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున్నే, వెనకాల కుక్కర్ విజిల్. డోర్ నంబర్ చెప్పమంటే ఆవిడ ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పింది, మధ్యలో గీత పెట్టాలా వద్దా అని ఇది రెండుసార్లు అడిగింది, వీధి పేరు స్పెల్లింగ్ ఇద్దరికీ రాలేదు, నేనే కొట్టా. అయిపోయాక అమ్మమ్మ అడిగింది, "ఎందుకు తల్లీ, ఏమన్నా పార్సిల్ పంపిస్తున్నావా?"

"లేదమ్మమ్మా, ఊరికే," అంది.